పొద్దున లేవని ల్యాప్‌టాప్, ఐదున్నర గంటలు వెనకబడిన గడియారం

అనంతపురంలో ఎండకు ఏదైనా పాడయిందంటే ఎవరైనా నమ్ముతారు, చలికి పాడయిందంటే ఒక్కరూ నమ్మరు. పోయిన డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి చివరి దాకా నేను పడ్డ తిప్పలన్నీ ఈ ఒక్క మాట దగ్గరే ఇరుక్కుపోయాయి. ఇదే సమస్య ఇంకెవరికైనా ఉంటే వాళ్లకు కొంచెం డబ్బు, కొన్ని రోజులు మిగులుతాయని మొత్తం వరసగా రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది.

నేను పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. పొద్దున 6:30కి ఆన్‌లైన్ క్లాసు, మార్చిలో వాళ్లకు పబ్లిక్ పరీక్షలు, కాబట్టి ఆ గంట నాకు చాలా ముఖ్యం. ల్యాప్‌టాప్ కొని ఏడేళ్లయింది. డిసెంబరులో ఒకరోజు ఆరు గంటలకు బటన్ నొక్కితే బటన్ పక్కన లైటు వెలిగింది, నాలుగైదు సెకన్లు ఉండి ఆరిపోయింది. ఫ్యాన్ చప్పుడు లేదు, తెర మీద చుక్క వెలుగు లేదు. చార్జర్ పెడితే చార్జింగ్ లైటు మాత్రం మామూలుగానే ఉంది. పది సార్లు నొక్కాను, అంతే. ఆరోజు ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద నిలబెట్టి, కాగితం మీద రాసి చూపిస్తూ క్లాసు లాగించాను. తొమ్మిదింటికి ఉగ్గాని తిని వచ్చి ఊరికే ఒకసారి నొక్కి చూద్దామని నొక్కితే, ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది.

మరుసటి రోజూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. పొద్దున లేవదు, ఎండ పడ్డాక లేస్తుంది. అయితే "ఎండ పడ్డాక" అన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు, "మూడు గంటలు టెన్షన్ పెట్టి లేస్తోంది" అని మాత్రమే అనుకున్నాను.

షాపుకు తీసుకెళ్లాను. షాపు తెరిచేదే పదిన్నరకు. బల్ల మీద పెట్టి నొక్కగానే ఆన్ అయింది. "బాగానే ఉంది కదా మేడం" అన్నారు. పొద్దున పూట అసలు లేవడం లేదని చెప్తే ర్యామ్ ఊడదీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టి మూడు వందలు తీసుకున్నారు. తెల్లారి మళ్లీ అదే కథ. రెండోసారి వెళ్తే లోపలి గుండ్రటి సెల్లు, ల్యాప్‌టాప్ ఆపి ఉన్నా గడియారాన్ని నడిపేది, సీమాస్ బ్యాటరీ అంటారే, అది మార్చారు. చార్జర్ కూడా మీటరుతో చూసి 19 వోల్టులు సరిగ్గా వస్తున్నాయన్నారు. ఇంకో షాపులో విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించారు. తెర కూడా వెలగని సమస్యకు విండోస్‌తో సంబంధమే లేదు, ఎందుకంటే మదర్‌బోర్డు లేచి తనను తాను సరిచూసుకున్నాక గానీ విండోస్ వంతు రాదు. ఆ సంగతి ఎవరైనా ముందే చెప్పుంటే అయిదు వందలు మిగిలేవి. చలి వల్ల ఏమోనని రెండో షాపులో ఒక మాట అని చూశాను. "అనంతపురంలో చలేంది మేడం" అన్నారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ర్యామ్ రుద్దినప్పుడు పని చేసింది. సెల్లు మార్చినప్పుడు పని చేసింది. బ్యాటరీ తీసేసి బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోమని మా తమ్ముడు ఫోన్‌లో చెప్తే ఒకరోజు అలా చేశాను, అప్పుడూ పని చేసింది. అంటే ఏం చేసినా పని చేసింది! ఎందుకంటే ఆ పని ముగించేలోపు ల్యాప్‌టాప్ బ్యాగులోనో, షాపు వేడిలోనో, నా ఒళ్లోనో వెచ్చబడింది. రిపేరు చేసినవాళ్లకు వాళ్ల రిపేరు ఫలించినట్టే కనిపిస్తుంది, మనకూ అలాగే కనిపిస్తుంది. చలికి మొరాయించే వస్తువుల్లో ఇదే పెద్ద చిక్కు. షాపువాళ్లను పూర్తిగా తప్పు పట్టలేను, వాళ్ల కళ్ల ముందు అది ఒక్కసారి కూడా ఆగలేదు.

డిసెంబరు చివరి వారంలో ఒక నోటుబుక్ పెట్టుకున్నాను. గది ఉష్ణోగ్రత చూపించే చిన్న డిజిటల్ మీటరు తెప్పించుకున్నాను. ప్రతి పొద్దున నాలుగు సంగతులు రాసేదాన్ని: టైము, గదిలో ఎన్ని డిగ్రీలు, ల్యాప్‌టాప్ రాత్రంతా ఎక్కడుంది, లేచిందా లేదా. మొదటి వారంలోనే గీత గీసినట్టు తేడా కనిపించింది. మీటరు 18 కంటే కింద ఉన్న ఏ రోజూ అది లేవలేదు, 21 దాటితే ప్రతిసారీ లేచింది, మధ్యలో ఉంటే ఒకరోజు లేస్తుంది, ఒకరోజు లేవదు. ఒక రాత్రి మబ్బు పట్టి గాలి వెచ్చగా ఉంది, తెల్లారి గదిలో 22 ఉంది, ఆరింటికే ఒక్క నొక్కుకు లేచింది. ఆరోజు పిల్లలు కూడా "టీచర్, ఈరోజు బోర్డు వచ్చింది" అని సంబరపడ్డారు.

18 డిగ్రీలు ల్యాప్‌టాప్‌కు చలి కానే కాదు. మామూలుగా ల్యాప్‌టాప్‌లు 5 డిగ్రీల నుంచి 35 డిగ్రీల దాకా పని చేసేలా తయారు చేస్తారు. లిథియం బ్యాటరీకి కూడా చార్జి ఎక్కించడంలో ఇబ్బంది వచ్చేది సున్నా డిగ్రీల దగ్గర, మన ఊళ్లో ఆ మాటే లేదు. అంటే లోపల ఏదో ఒక భాగం అప్పటికే బలహీనపడి ఉంది, చలి దాన్ని బయటపెడుతోంది అన్నమాట.

బండ సంగతి కనిపెట్టింది మా అమ్మ. మా ఇల్లు పాతది, కిటికీ కింద గోడలో తాడిపత్రి బండతో కట్టిన అలమర ఉంది, రాత్రి క్లాసు నోట్సు రాసుకుని ల్యాప్‌టాప్ మూసి ఆ బండ మీదే పెడతాను. అమ్మ ఒక పొద్దున నా నోటుబుక్ గొడవ చూసి, "ఆ బండ మీద పెడతావేంటికి పాపా? తెల్లారుజామున దాని మీద చెయ్యి పెడితే నాకే జిల్లుమంటాది" అంది. నిజమే కదా అనిపించింది. గదిలో గాలి 18 ఉన్నా బండ రాత్రంతా కిటికీ గాలికి చల్లబడి, దాన్ని అంటుకుని ఉన్న ల్యాప్‌టాప్ వేడినంతా లాగేస్తుంది. ఆ రాత్రి దాన్ని దుప్పట్లో చుట్టి మంచం మీద నా పక్కన పెట్టుకున్నాను. పొద్దున గదిలో 17, ల్యాప్‌టాప్ లేచింది. మరుసటి రాత్రి బండ మీద పెట్టాను, పొద్దున మళ్లీ 17, లేవలేదు. గది అదే, డిగ్రీలు అవే, మారింది చోటు ఒక్కటే. చలే కారణమని అప్పుడు నాకు ఖాయమైంది.

దుప్పటితో క్లాసులు నడిచిపోయాయి కాబట్టి అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కానీ ఇప్పుడు 18 దగ్గర మొరాయించేది వచ్చే ఏడాది 25 దగ్గర మొరాయించొచ్చు, ఆ పై ఏడాది అసలు లేవకపోవచ్చు. ఇంకో తొందర కూడా ఉంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, మా వైపు సంక్రాంతి దాటాక పొద్దుటి చలి రోజురోజుకూ తగ్గిపోతుంది. చలి పోతే జబ్బు కూడా దాక్కుంటుంది, మళ్లీ డిసెంబరు దాకా పట్టుకోవడానికి ఉండదు. అందుకని ముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, వెతకడం కొనసాగించాను.

అసలు ఆధారం అనుకోకుండా దొరికింది. ఒకరోజు ఫోన్‌లో డేటా అయిపోయింది, రీచార్జ్ చేసుకోలేదు, రోజూలాగా హాట్‌స్పాట్ కలపకుండానే ల్యాప్‌టాప్ తెరిచాను. గోడ గడియారం 8:41. ల్యాప్‌టాప్ మూలన 3:08. తేదీ మాత్రం సరిగ్గా ఆరోజుదే. అయిదున్నర గంటలు వెనక! ఇన్నాళ్లూ హాట్‌స్పాట్ కలవగానే ఇంటర్నెట్ నుంచి టైము సరైపోయేది, అందుకే నా కంటపడలేదు.

సెల్లు మళ్లీ పోయిందేమో అనుకున్నాను మొదట. మల్టీమీటరుతో చూపిస్తే 3 వోల్టులు నిక్షేపంగా ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి: సెల్లు పూర్తిగా పోతే మామూలుగా తేదీ కూడా పోతుంది, ఎప్పుడో ఆ మోడల్ తయారైన కాలం నాటి జనవరి ఒకటో తేదీకో దగ్గర్లోకో వెళ్లిపోతుంది. నాకు తేదీ నిలబడింది, గంటలే పోయాయి. అంటే కరెంటు అందుతూనే ఉంది, లెక్క గుర్తుంది, కానీ లెక్కపెట్టడం మధ్యలో కాసేపు ఆగింది.

నోటుబుక్‌లో అయిదో గడి చేర్చాను, గడియారం ఎంత వెనకబడిందో. బాగా చలిగా ఉన్న రాత్రి తర్వాత ఆరు గంటల పది నిమిషాలు, కొంచెం వెచ్చటి రాత్రి తర్వాత మూడు గంటలు, దుప్పట్లో పడుకోబెట్టిన రోజు సున్నా. ఆగిన గంటలు చలి గంటలే. రాత్రి ఏ రెండింటికో మదర్‌బోర్డు ఒక హద్దు దాటి చల్లబడగానే గడియారం ఆగిపోతోంది, పొద్దున ఎనిమిదింటికి వెచ్చబడగానే ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతోంది.

అప్పుడు ఆ గడియారం దేనితో నడుస్తుందో చదివాను, చదువుతూ నా సమస్యే మర్చిపోయాను, అంత అందంగా ఉంది. బోర్డు మీద ఒక చిన్న క్వార్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది, లోపల దాని ఆకారం శ్రుతిదండం లాగా రెండు కొమ్ములతో ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకె ఎందుకంటే అది 2ను 15 సార్లు గుణిస్తే వచ్చేది. సర్క్యూట్ దాన్ని సగం చేస్తుంది, మళ్లీ సగం, 16,384, 8,192, అలా పదిహేను సార్లు సగం చేస్తే చివరికి సెకనుకు ఒక్కటి మిగులుతుంది. మన చేతి గడియారాల్లో ఉండేదీ ఇదే. ఘాతాంకాలు చెప్పేటప్పుడు "ఇవి ఎక్కడ పనికొస్తాయి టీచర్" అని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర ఇంతకుముందు లేదు.

చలికి క్రిస్టల్ నెమ్మదిస్తుందని కూడా చదివాను. అయితే ఎంత నెమ్మదిస్తుంది? లెక్క వేశాను. 25 డిగ్రీల దగ్గర ఇది సరిగ్గా నడుస్తుంది, అక్కడి నుంచి ఎన్ని డిగ్రీలు దూరం పోతే ఆ అంకె వర్గాన్ని దాదాపు 0.034తో గుణించాలి, పది లక్షల్లో అన్ని వంతులు వెనకబడుతుంది. 15 డిగ్రీలనుకుంటే తేడా 10, వర్గం 100, గుణిస్తే 3.4. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజంతా 15 డిగ్రీల్లో ఉన్నా పోయేది 0.3 సెకను లోపే. నాకు పోయింది అయిదున్నర గంటలు. బాగున్న క్రిస్టల్ నెమ్మదిస్తే ఇంత తేడా రాదు. ఇది ఆగిపోతోంది.

ఇది గడియారానికి మాత్రమే సంబంధించినదైతే ల్యాప్‌టాప్ ఎందుకు లేవదని అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. ఇలాంటి బోర్డుల్లో ప్రధాన చిప్‌సెట్ నిద్ర లేవడానికి కూడా ఈ నెమ్మది గడియారమే ఆధారం. ముందు ఏ కరెంటు, తర్వాత ఏ కరెంటు అని ఒక వరస ఉంటుంది, ఆ వరసకు లయ ఇచ్చేది ఇదే. ఇది ఆగితే బటన్ నొక్కినట్టు తెలిసి లైటు వెలుగుతుంది, అంతకుమించి అడుగు పడదు. నా లైటు నాలుగైదు సెకన్లు వెలిగి ఆరిపోవడం అచ్చం అలాగే ఉంది.

సంక్రాంతి అయ్యాక నోటుబుక్ పట్టుకుని సప్తగిరి సర్కిల్ వైపు ఒక సందులో మేడ మీద చిప్ లెవెల్ సర్వీసు, అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలను బాగుచేసే పని, చేసే అబ్బాయి దగ్గరికి వెళ్లాను. చిన్న గది, ఒక మైక్రోస్కోపు, గోడకు ఊడదీసిన బోర్డులు. నేను చెప్పడం మొదలుపెట్టగానే చేతిలో పని ఆపి నోటుబుక్ తీసుకుని చివరి గడి మీద వేలు పెట్టాడు. "అక్కా, బ్యాటరీ పోతే డేటు కూడా పోవాల. మీకు డేటు నిలబడింది, గంటలు పోయినాయి. క్రిస్టలే చూడాల" అన్నాడు. రెండు నెలల తర్వాత ఒక మనిషి నా మాట నమ్మాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది.

అయినా అతను వెంటనే క్రిస్టల్ మీదికి పోలేదు. కంపనాలను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ పెట్టి చూడొచ్చు కదా అంటే, దాని ప్రోబ్ తగిలిస్తేనే ఒక్కోసారి ఆగినది కదులుతుంది, నడుస్తున్నది ఆగుతుంది, దాన్ని నమ్మలేం అన్నాడు. గాలి కొట్టి దుమ్ము దులిపే డబ్బా ఉంటుంది కదా, దాన్ని తలకిందులు చేస్తే గాలికి బదులు గడ్డకట్టే చల్లటి ద్రవం వస్తుంది. చార్జర్, బ్యాటరీ రెండూ తీసేసి, చుట్టూ పసుపు రంగు టేపు అంటించి, ముందు కరెంటు కాయిల్స్ ఉన్న చోట ఒక్క చుక్క కొట్టాడు, చార్జర్ పెట్టి నొక్కాడు, లేచింది. ర్యామ్ దగ్గర కొట్టాడు, లేచింది. తర్వాత క్రిస్టల్ మీద కొట్టాడు. మైక్రోస్కోపులో చూడమని నాకు చోటిచ్చాడు. మూడు మిల్లీమీటర్ల పొడుగు, బియ్యపు గింజలో సగం ఉన్న ఒక డబ్బీ, దాని మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. నొక్కితే లైటు వెలిగి ఆరిపోయింది. నేను ఇంట్లో రోజూ చూసిన అదే నాలుగైదు సెకన్లు, మొదటిసారి ఇంకొకరి కళ్ల ముందు. హాట్ ఎయిర్ తక్కువలో పెట్టి దూరం నుంచి వెచ్చ చేశాడు, లేచింది. ఇలా మూడు సార్లు చేసి చూపించాడు.

దాని కింద సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్ జిగట, దుమ్ము కనిపిస్తే ఒక్కోసారి శుభ్రం చేస్తే చాలట. ఆ గుండ్రటి సెల్లు ఏళ్ల తరబడి రావాలని ఈ సర్క్యూట్‌ను మైక్రోఆంపుల కరెంటుతో నడుపుతారు, అంత తక్కువ ఊపులో కొంచెం మురికి అడ్డం పడినా ఆగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి మళ్లీ పరీక్ష పెట్టాడు. చల్లబరిస్తే మళ్లీ ఆగింది. "ఎప్పుడన్నా కింద పడిందా?" అని అడిగాడు. రెండేళ్ల కిందట బ్యాగుతో సహా మెట్ల మీద పడింది. దానివల్లే అని చెప్పలేం గానీ ఈ క్రిస్టల్ లోపలి కొమ్ములు దెబ్బకు తట్టుకోవు అన్నాడు.

చచ్చిపోయిన ఇంకో బోర్డు నుంచి అదే రకం క్రిస్టల్ తీసి వేశాడు. పక్కనున్న రెండు చిన్న కెపాసిటర్లకు సరిపోయేది వెయ్యకపోతే టైము తప్పుతుందట, అందుకే అదే రకం బోర్డు వెతికాడు. మొత్తం ఎనిమిది వందలు తీసుకున్నాడు. పాత క్రిస్టల్ నాకివ్వమని అడిగి, చిన్న ప్లాస్టిక్ కవరులో తెచ్చుకున్నాను.

ఎవరైనా ఇంట్లో ఈ పరీక్ష చేయాలనుకుంటే వెచ్చ చేయడం ఒక్కటే చేయండి, అదీ హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, చార్జర్ తీసేసి. ఎండలో పెట్టడం, పొయ్యి దగ్గర పెట్టడం వద్దు, బ్యాటరీకి మంచిది కాదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచే ఆలోచన అసలు వద్దు, బయటికి తీయగానే లోపల నీరు పడుతుంది. అంతకంటే ముందు, ఖర్చు లేని పని ఒకటుంది: రాత్రి ఇంటర్నెట్ ఆపేసి మూయండి, పొద్దున అది లేచాక ఇంటర్నెట్ కలపకముందే టైము చూడండి. తేదీ కూడా పోయి ఉంటే ముందు సెల్లు మార్చి చూడండి. తేదీ నిలబడి గంటలు పోతే క్రిస్టల్ చూడమని చెప్పండి. టైము సరిగ్గా ఉండి కూడా పొద్దున పూట లేవకపోతుంటే నా కథ మీకు వర్తించదు, సోల్డర్ బీటలో, పాతబడిన కెపాసిటరో, ఇంకేదో వెతకాలి.

ఇంటికి తెచ్చిన రాత్రి హాట్‌స్పాట్ ఆపేసి, కిటికీ తెరిచి, కావాలనే బండ మీద పెట్టాను. అమ్మ వద్దంది, ఇన్ని అవస్థలు పడి మళ్లీ అక్కడేనా అని. నిద్ర సరిగ్గా పట్టలేదు. అయిదున్నరకు లేచి చూస్తే మీటరు 16 చూపిస్తోంది, బండ మీద చెయ్యి పెడితే అమ్మ చెప్పినట్టే జిల్లుమంది. నొక్కాను. లైటు వెలిగింది. మూడు, నాలుగు, అయిదు అని లెక్కపెడుతున్నాను, ఆరు దగ్గర ఫ్యాన్ చప్పుడు వచ్చింది. తెర మూలన 5:34. గోడ మీద 5:34. నోటుబుక్ తీసి అయిదో గడిలో సున్నా రాసి, దుప్పటి మడిచి పెట్టి, ఆరున్నర క్లాసుకు ఘాతాంకాల పేజీ తెరిచి పెట్టుకున్నాను.